శివరామ్ మాస్టర్ రెన్యువల్

పేరు తుడిచేయలా. అది వాళ్ళ మంచితనమో ఏమో గాని, బోర్డు మీద శివరామ్ అనే పేరు అట్లనే ఉంది. దాని కింద ఉండాల్సిన పద్నాలుగు మంది మెంబర్ల పేర్లు మాత్రం లేవు. సోమవారం పొద్దున ఐదున్నరకి, పురసవాక్కంలో ఆ పట్టుచీరల అంగడి పైన రెండో అంతస్తులో ఉండే జిమ్ముకి ఎక్కి వచ్చి, చెప్పులు విప్పి బూట్లు తొడుక్కుంటా తలెత్తి చూసినాడు శివరామ్. తన మనుషులంతా మిగతా ట్రైనర్ల పేర్ల కింద సర్దుకోని ఉండారు. సగం మంది సాయి కిరణ్ కింద. ఆ పిల్లోడు ఒంగోలు నుంచి వచ్చి చేరి నాలుగు నెలలు గాలా.

తన పేరు పక్కన చిన్నక్షరాలతో ఇంకో మాట రాసుండారు. ఫ్లోర్.

ఫ్లోర్ అంటే జిమ్ముల్లో అందరికీ తెలిసిందే. ఎవరో పడేసి పోయిన ప్లేట్లు ఏరి స్టాండుకి తగిలించేది, బెంచీల మీద చెమట తుడిచేది, ట్రెడ్‌మిల్ ఆగిపోతే ప్లగ్గు ఊడిందేమో చూసేది. కొత్తగా చేరినోళ్ళు మొదటి మూడు నెలలు చేసే పని. శివరామ్ ఆ పని చేసి ఇరవై రెండేండ్లయింది.

"అన్నే, కోపం పడొద్దు," అన్నాడు మేనేజర్ అరుళ్, కౌంటర్ వెనక నుంచి లేచి. అతను మాట్లాడేది అరవమే. పెరంబూరులో పుట్టి పెరిగిన శివరామ్‌కి అదీ ఇంటి భాష మాదిరే. "ఇన్సూరెన్స్ వాళ్ళు లెటర్ పంపినారు. సీపీఆర్ కార్డు లేని ట్రైనర్ మెంబర్ మీద చెయ్యి వెయ్యకూడదంట. మీ కార్డు పోయిన నెల్లోనే అయిపాయె గదా."

సీపీఆర్ అంటే, గుండె ఆగి పడిపోయిన మనిషికి రొమ్ము మీద నొక్కి, ఊపిరి ఊది, ఆంబులెన్సు వచ్చేదాకా ప్రాణం పట్టి ఉంచే పని అది. ట్రైనర్ సర్టిఫికెట్ కావాలంటే ఆ కార్డు చేతిలో ఉండాల.

"దానికేముంది, వీడియో చూసి నాలుగు ప్రశ్నలకి టిక్కు పెడితే కార్డు వస్తుంది. ఎప్పుడూ అట్లనే గదా తెచ్చింది."

"ఈ దఫా వీడియో కార్డు చెల్లదు అన్నే. నేరుగా పోయి బొమ్మ మీద చేసి చూపించాల. అదీ శుక్రవారం లోపల. శుక్రవారంతో మీ ట్రైనర్ సర్టిఫికెట్టే ముగుస్తుంది. ముగిసినాక రెన్యువల్ లేదు. మళ్ళా మొదట్నుంచి పరీక్షే."

శివరామ్ బూటు లేసు ముడి వేసినాడు, విప్పినాడు, మళ్ళా వేసినాడు. మొదట్నుంచి అంటే నూట ఇరవై ప్రశ్నలు. అంతా ఇంగ్లీషు. కండరాల పేర్లు, ఎముకల పేర్లు, ఏ కోణంలో ఏది ముడుచుకుంటుందో, ఏది సాగుతుందో. ఎనిమిదేండ్ల కింద ఆ పరీక్ష మూడు దఫాలు రాసి గట్టెక్కినాడు. మూడో దఫా రాసొచ్చిన దినం భార్య పుష్పవల్లితో ఒకటే మాట అన్నాడు: "ఇంకొక్కసారి రాయమంటే హార్బరులో మూటలు మోసేదానికి పోతా గాని, ఆ కుర్చీలో కూర్చోను." అప్పుడాయనకి నలభై నాలుగు. ఇప్పుడు యాభై రెండు. మూటలు మోసేదానికి కూడా ఎవరూ పిలవరు.

అరుళ్ కౌంటర్ మీద ఒక స్ప్రే సీసా, పసుపచ్చ గుడ్డ పెట్టినాడు. చేతికి ఇయ్యలా, ఊరికే పెట్టినాడు. శివరామే తీసుకున్నాడు.

ఆరింటికల్లా జనం వచ్చేసినారు. నగల అంగడి నాగప్పన్, బొజ్జ మీద చెయ్యేసుకోని, గుడ్డ పట్టుకున్న శివరామ్‌ని పైనుంచి కింది దాకా చూసినాడు.

"ఏం మాస్టర్, ప్రమోషనా?"

"అవును సార్. మీరు చెమట కారిస్తే గదా నాకు పని. ఈరోజైనా కారుస్తారా?"

నాగప్పన్ నవ్వినాడు, శివరామ్ నవ్వినాడు. నవ్వి, లెగ్ ప్రెస్ సీటు తుడిచినాడు.

ఆరుంబావుకి భాష్యం సారు వచ్చినాడు. డెబ్బై నాలుగేండ్ల మనిషి. జార్జి టౌన్లో ఒక బళ్ళో నలభై ఏండ్లు లెక్కలు చెప్పి రిటైరయినాడు. కుడి మోకాలు ఆపరేషన్ అయినాక, ఆరేండ్లుగా వారానికి ఐదు దినాలు శివరామ్ దగ్గరే చేస్తా ఉండాడు. వచ్చినోడు వచ్చినట్టే బెంచీ మీద కూర్చోని, నాలుగు కిలోల డంబెల్ రొమ్ముకి ఆనించుకోని, కండ్లు మూసుకున్నాడు. అది ఆయన పద్ధతి. కండ్లు మూసుకోని కూర్చుంటాడు, శివరామ్ అంకె చెప్తే లేస్తాడు, మళ్ళా కూర్చుంటాడు. పది చేయాల ఒక సెట్టుకి.

అంకె వినపడలేదు. కండ్లు తెరిచి చూస్తే ఎదురుగా సాయి కిరణ్.

"నమస్తే సార్. ఈ వారం నేను చేయిస్తానండి."

"శివరామ్ ఏడీ?"

"ఈడనే ఉండా సార్," అన్నాడు శివరామ్, నాలుగడుగుల దూరంలో, స్ప్రే కొడతా. "కార్డు ఒకటి తెచ్చుకోవాల. శనివారం నుంచి నేనే."

"కార్డేంది నీకు? ఈ మోకాలు చేసిన డాక్టరుకి నా పేరు కూడా తెలీదు, నీకు నా మోకాలు మొత్తం తెలుసు." భాష్యం మాస్టారు చుట్టూ చూసినాడు, ఎవరి మీద కోప్పడాలో తెలీనట్టు. "ఇది న్యాయం గాదురా."

"పరవాలేదు సార్. వారమే గదా."

సాయి కిరణ్ లెక్కపెట్టినాడు. ఒకటి, రెండు, మూడు, గడియారం మాదిరి. మాస్టారి మోకాలు నాలుగో దాంట్లో లోపలికి వంగింది. శివరామ్ చెయ్యి తనంతట తనే ముందుకు పోయింది. గుడ్డ గుర్తొచ్చి ఆగింది.

*

ఇంట్లో పెద్ద కష్టమేమీ లేకపోయింది. రెన్యువల్‌కి ఆన్‌లైన్ పాఠాలు చేసి తెచ్చుకోవాల్సిన ఇరవై పాయింట్లలో పద్దెనిమిది నెల ముందే అయిపోయినాయి. మిగిలిన రెండూ మంగళవారం సాయంత్రం కూతురు ధన్య ల్యాప్‌టాప్ ముందర కూర్చోబెట్టి చేయించింది. ఆ పిల్ల బీకాం చివరి ఏడు. అరవంలో మొదలుపెట్టి తెలుగులో ముగిస్తుంది, లేకుంటే తిరగేసి.

"నైనా, నువ్వు ఊరికే కూర్చో. నేను క్లిక్ చేసేస్తా. పది నిమిషాల పని."

"వద్దు. చదువు. నాకు అర్థమైనాక నొక్కు."

"నీకు అర్థమయ్యేసరికి నాకు పెండ్లయిపోతుంది నైనా."

"అప్పుడు అల్లుడు నొక్కుతాడులే. చదువు."

వంటింట్లో నుంచి పుష్పవల్లి నవ్వు వినపడింది. ధన్య చదివింది. వయసైనోళ్ళకి బరువు ఎట్ల పెంచాల, ఎంత విశ్రాంతి ఇయ్యాల, మెంబర్‌తో ఏ మాట దాయకూడదు. శివరామ్ ప్రతి ప్రశ్నకీ కండ్లు చిట్లించి, నోట్లో తిప్పుకోని, జవాబు చెప్పినాడు. రెండు గంటలు పట్టింది. ఇరవైకి ఇరవై అయింది.

"ఇంక సీపీఆర్ ఒకటే," అనింది ధన్య. "రేపు తొమ్మిదికి, జార్జి టౌన్లో. ప్రాక్టికల్ నైనా, జాగ్రత్త."

"నొక్కేది గూడా నాకు నేర్పిస్తారా? నా జన్మంతా చేతుల పనేనే."

ఆ మాట అన్నప్పుడు శివరామ్‌కి ఏ అనుమానమూ లేదు. చదువుకి భయపడే మనిషే గాని, ఒళ్ళు వంచే పనికి ఎప్పుడూ భయపడలా.

*

ఆపరేషన్ సామాన్లు అమ్మే ఒక అంగడి మేడ మీద, కిటికీ తెరిస్తే తోపుడు బండ్ల కేకలు లోపలికొచ్చే గదిలో, ఆరు బొమ్మలు చాపల మీద పడుకోని ఉండాయి. తల, మొండెం, అంతే. కాళ్ళు లేవు, చేతులు లేవు. సరిగ్గా నొక్కితే లోపల టిక్కుమని చప్పుడొస్తుంది. నేర్పించేది చాందిని అనే నర్సు. ఇరవై ఆరేండ్లుంటాయేమో, జుట్టు గట్టిగా ముడేసుకోని, మెడలో స్టాప్‌వాచ్ వేలాడేసుకోని ఉంది. నేర్చుకునేదానికి వచ్చినోళ్ళు పది మంది: అపార్ట్‌మెంట్ సెక్యూరిటీ వాళ్ళు ఇద్దరు, ఈత కొలను కాపలా అతను ఒకడు, బడి వ్యాను డ్రైవరు, ఇంకెవరెవరో.

"ముప్పై సార్లు నొక్కాల, రెండుసార్లు ఊదాల. ముప్పై అయ్యేదానికి పదిహేను నుంచి పద్దెనిమిది సెకండ్లు. అంతకంటే తొందర వద్దు, ఆలస్యం వద్దు. గట్టిగా లెక్కపెట్టండి, నాకు వినపడాల. సరేనా?"

పొద్దునంతా నేర్పించింది. మధ్యాహ్నం ఒక్కొక్కరిగా పరీక్ష. వ్యాను డ్రైవరు ఆయాసపడతానే పాసైపోయినాడు. సెక్యూరిటీ వాళ్ళలో పెద్దాయన ఊదేటప్పుడు బొమ్మకి దండం పెట్టి ఊదినాడు, ఆయనా పాసే. శివరామ్ మోకాళ్ళ మీద కూర్చోని, భుజాలు నిటారుగా పెట్టి, మొదలుపెట్టినాడు. ఆ కూర్చునే తీరు చూసే చాందిని కాగితం మీద మూడు టిక్కులు పెట్టేసింది.

"ఒకటి, రెండు, మూడు..." టిక్కు, టిక్కు, టిక్కు. పదకొండో దాంట్లో చెయ్యి కొంచెం జారింది. టిక్కు రాలేదు. "పదకొండు," అన్నాడు మళ్ళా శివరామ్. టిక్కు. "పన్నెండు..." పంతొమ్మిదిలో మళ్ళా రాలేదు. "పంతొమ్మిది." ఇరవై ఆరు దగ్గర చెమట కండ్లలోకి కారింది. "ఇరవై ఆరు... ఇరవై ఆరు... ఇరవై ఆరు... ఇరవై ఏడు..."

చాందిని స్టాప్‌వాచ్ నొక్కింది.

"ఇరవై రెండు సెకండ్లు అంకుల్. ముప్పై అని మీరు చెప్పింది ముప్పై నాలుగు."

"లేదమ్మా, ముప్పయ్యే. సరిగ్గా పడనివి నేను లెక్కెయ్యలా."

"ఎందుకు లెక్కెయ్యలా?"

శివరామ్‌కి ఆ ప్రశ్నే అర్థం గాలా. సరిగ్గా చేయనిదాన్ని ఎవరు లెక్కేస్తారు? జిమ్ములో మెంబర్ సగం దాకా వంగి లేస్తే అది లెక్క కాదు, మళ్ళా అదే అంకె. అలిసిపోయి ఆపబోతా ఉంటే ఎనిమిదినే మూడుసార్లు చెప్పి మూడు ఎక్కువ లాగుతారు. ఆయనకి నేర్పిన మాస్టర్ అట్లనే నేర్పినాడు. అంకె అనేది ట్రైనర్ చేతిలో ఉండే కళ్ళెం. అది వదిలితే ఎవడూ పని చేయడు.

"అంకుల్, మీరు బొమ్మకి ఎక్సర్‌సైజు చేయిస్తా ఉండారా?" అనింది చాందిని. గదంతా నవ్వింది. ఈత కొలను అతను చాప మీద పడి పడి నవ్వినాడు. నవ్వు అణిగినాక ఆ పిల్ల గొంతు తగ్గించి, పక్కన గొంతుక్కూర్చోని చెప్పింది. "చూడండి. ఒకటి తప్పు పడితే తప్పు పడింది, ముందుకు పోవాల. మీరు ఆడనే నిలబడి దాన్ని సరిచేస్తా ఉంటే ఊపిరి ఆలస్యమవుతుంది. కింద ఉండే మనిషి మీకోసం ఇంకొకటి చేయలేడు."

రెండో దఫా చేసినాడు. ఇరవై ఒకటి. మూడో దఫాకి ఇరవై మూడు. చేతులు సరిగ్గానే పోతా ఉండాయి, నోరు మాట వినలా.

"శుక్రవారం పొద్దున రీటెస్ట్ ఉంది. రండి," అని కాగితం మీద ఏదో రాసింది చాందిని. శివరామ్ ఆ కాగితం వైపు చూడలా. మెట్లు దిగి, మూటల బండ్ల మధ్య నిలబడి, స్కూటర్ ఏడ పెట్టినాడో గుర్తు రాక చానాసేపు అటూ ఇటూ చూసినాడు.

*

గురువారం పొద్దున భాష్యం సారు గొంతు జిమ్ము ఈ కొస నుంచి ఆ కొసకి వినపడింది.

"శివరామూ! ఇట్రా! అయిపోయిందిరా! పది!"

శివరామ్ చేతిలో ప్లేటు పట్టుకోని తిరిగి చూసినాడు. మాస్టారు బెంచీ పక్కన, తన కాళ్ళ మీద తను నిలబడి ఉండాడు. మొహం వెలిగిపోతా ఉంది.

"మూడు సెట్లూ పది పదిగా పూర్తి చేసినా. సోమవారం ఏదో గాలివాటం అనుకున్నా. మొన్నా నిన్నా అయింది, ఈరోజూ అయింది. ఆరేండ్లలో ఎప్పుడన్నా నేను పదో దాంట్లో కూలబడకుండా లేచినానా చెప్పు! నువ్వు కష్టపడి నాటినావు, నువ్వు పక్కన లేనప్పుడు కాయ కాసింది చూడు."

సాయి కిరణ్ శివరామ్ వైపు ఒకసారి చూసి, ఫోన్లో మెంబర్ల సెట్లు చూపించే యాప్‌లో ఏదో నొక్కుకున్నాడు.

"సంతోషం సార్," అన్నాడు శివరామ్. ప్లేటు తగిలించేదానికి పోయినాడు. పది కిలోల ప్లేటు. ఇరవై కిలోల కొక్కేనికి తగిలించి, చూసుకోని, తీసి మార్చినాడు.

మధ్యాహ్నం రెండింటికి జిమ్ము ఖాళీగా ఉంటుంది. ఫ్యాన్లు తిరుగుతా ఉంటాయి, పాటలు ఆపేసి ఉంటారు. సాయి కిరణ్ టిఫిన్ డబ్బా మూసి చెయ్యి కడుక్కోని వస్తే, మూలన చాప మీద శివరామ్ ఒక దిండుని పడుకోబెట్టి నొక్కతా ఉండాడు. పెదవులు కదులుతా ఉండాయి.

"అన్నయ్యా, ఇరవై ఒకటి రెండుసార్లు అన్నారు."

"విన్నావా?"

"పెదాలు చూశాను." ఆ పిల్లోడు ఎదురుగా బాసింపట్టు వేసుకోని కూర్చున్నాడు. "నేను లెక్కపెడతాను. మీరు నోరు మూసుకుని చెయ్యండి. అంకె సంగతి నాకు వదిలేయండి."

"పెద్దోణ్ణి పట్టుకోని నోరు మూసుకోమంటావా?"

"ఈ ఒక్కరోజేనండి. రేపట్నుంచి మీరు మూయించండి నాది."

మొదలుపెట్టినారు. పిల్లోడు అంకె చెప్తా ఉంటే శివరామ్ నొక్కినాడు. ఏడో దాంట్లో చెయ్యి జారింది. ఒళ్ళంతా ఆ ఏడు కోసం వెనక్కి గుంజింది. పిల్లోడి గొంతు ఎనిమిదికి పోయింది, తొమ్మిదికి పోయింది, ఆగలా. గుంజుకుంటానే శివరామ్ దాని వెనకాల పోయినాడు. నాలుగు దఫాలు, ఐదు దఫాలు. భుజాలు మండినాయి. ఆరో దఫాకి తనే లెక్కపెట్టినాడు. పదిహేడు సెకండ్లు.

చాప మీద అట్లనే వెనక్కి పడుకున్నాడు.

"మా ఒంగోలు జిమ్ము మాస్టారూ ఇంతేనన్నయ్యా," అన్నాడు సాయి కిరణ్, దిండు దులుపుతా. "ఏడు అనే అంకె దగ్గర నేనొక సంవత్సరం ఉన్నాను."

శివరామ్ నవ్వినాడు. ఫ్యాను వైపు చూస్తా అడిగినాడు. "మరి నువ్వెందుకు అట్ల చేయవు?"

"నాకు భయమండి. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. యాప్‌లో పది అనుంటే పదే." దిండు పక్కన పెట్టి, "భాష్యం మాస్టారు అడిగారు మొన్న, ఎలా అయింది బాబూ అని. నేనేమీ చెప్పలేదు. మీ మెంబరు కదా," అన్నాడు.

*

శుక్రవారం పరీక్ష నాలుగు నిమిషాల్లో ముగిసింది. పద్నాలుగులో టిక్కు రాలేదు, పదిహేను అన్నాడు. ఇరవై మూడులో రాలేదు, ఇరవై నాలుగు అన్నాడు. అన్నప్పుడల్లా చేయని పనికి కూలి తీసుకున్నట్టు ఒళ్ళు జలదరించింది. ముప్పై. రెండు ఊపిర్లు. బొమ్మ రొమ్ము పైకి లేచి దిగింది.

"పదహారున్నర," అనింది చాందిని. "ఎవరంకుల్ మీకు కోచింగ్?"

"ఒక పిల్లోడు."

సాయంత్రం నాలుగింటికి ధన్య కార్డు ఫోటో ఎక్కించింది. ఐదున్నరకి మెయిలు వచ్చింది. ఇంకో రెండేండ్లు. పుష్పవల్లి కాఫీ గ్లాసు చేతికిస్తా, "ఇప్పుడైనా నిద్రపో," అనింది. ఆయన గ్లాసు పట్టుకోనే కునుకు తీసినాడు. సంతోషం అనేది ఏదైనా వచ్చిందా అంటే, వచ్చింది గాని, దాన్ని కూర్చోబెట్టి మాట్లాడించే ఓపిక ఆయనకి లేకపోయింది.

శనివారం బోర్డు మీద పద్నాలుగు పేర్లూ తిరిగి వచ్చేసినాయి. భాష్యం సారు ఆరుంబావుకి వచ్చి, శివరామ్ భుజం మీద ఒక్క చరుపు చరిచి, బెంచీ మీద కూర్చున్నాడు.

"కార్డు వచ్చిందా? ఇంక నీ చేతిలో చూడు నా పది."

డంబెల్ రొమ్ముకి ఆనించుకున్నాడు. కండ్లు మూసుకున్నాడు.

"ఒకటి," అన్నాడు శివరామ్. "రెండు. మూడు." నాలుగులో మోకాలు లోపలికి వంగింది. చెయ్యి పెట్టి సరిచేసినాడు. మళ్ళా నాలుగు అనబోయినాడు. నోరు తెరిచే ఉంది. "ఐదు," అనింది ఆ నోరు. ఆరు, ఏడు. ఎనిమిదిలో మాస్టారు సగమే లేచినాడు. తొమ్మిది. "పది. చాలు సార్."

మాస్టారు కండ్లు తెరిచినాడు. ఆయాసం లేదు. మొహంలో ముందు సంతోషం వచ్చింది, "నీ చేతిలో కూడా అయిపోయిందే!" అన్నాడు. తరవాత ఆ సంతోషం కొంచెం కొంచెంగా తగ్గి, దాని వెనకాల లెక్కల మాస్టారు కనపడినాడు.

"శివరామూ. పోయిన వారం శుక్రవారం నీ దగ్గర పదో దాంట్లో కూలబడినా. సోమవారం ఆ పిల్లోడి దగ్గర పది లేచినా. నడుమ రెండు దినాలు. రెండు దినాల్లో కాళ్ళకి అంత బలం ఎట్లొస్తుంది?"

జవాబు నాలిక మీద తయారుగా ఉంది. ఒక్కోసారి అట్లనే సార్, ఒళ్ళు ఒక్కసారిగా అందుకుంటుంది. ఇట్లాంటివి రోజుకి పది చెప్తాడు శివరామ్, అందరూ నమ్ముతారు. గుడ్డ తీసుకోని బెంచీ కొస తుడిచినాడు. తుడిచేదానికి ఏమీ లేదు ఆడ.

"నా పది పది కాదు సార్. పన్నెండు, పదమూడు. మీరు బాగా చేసిన దినాన పద్నాలుగు. సరిగ్గా రానిది నేను లెక్కెయ్యను, ఓపిక ఉందంటే అదే అంకె మళ్ళా చెప్తా."

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచి. మీకని గాదు, అందరికీ అంతే. బలం కోసమే సార్. మీరు కర్ర పట్టుకోని వచ్చినారు, ఇప్పుడు కర్ర లేదు."

"లేదు," అన్నాడు మాస్టారు. "అది నీ పుణ్యమే, కాదనను." డంబెల్‌ని నేల మీద పెట్టినాడు, చప్పుడు రాకుండా. "రోజూ ఇంటికి పోయినాక మా ఆవిడ అడిగేది, పది వచ్చిందా అని. ఈరోజు కూడా రాలేదే అనేవాణ్ణి. ఆమె పోయే ముందు వారం కూడా అడిగింది, ఆస్పత్రి మంచం మీద. రాలేదే అన్నా."

పక్కన ఎవరో బరువు దించిన చప్పుడు. పాట మారింది.

"నలభై ఏండ్లు పిల్లోళ్ళకి లెక్కలు చెప్పినోణ్ణి. ఈడికొచ్చి కండ్లు ఎందుకు మూసుకుంటానో తెలుసునా? ఒక్క అరగంట నా బదులు ఇంకొకడు లెక్కపెడతా ఉండాడులే అని." లేచినాడు. మోకాలు మీద చెయ్యి పెట్టుకోకుండానే లేచినాడు. "నేను ఆ పిల్లోడి దగ్గరికి మారిపోతానురా. కోపం గాదు. నీ దగ్గర ఇంక నేను కండ్లు మూసుకోలేను."

అరుళ్ మొదట నమ్మలా. వారం దినాలుగా శివరామ్ కోసం కౌంటర్ దగ్గర కొట్లాడిన మనిషి ఈయనే. తరవాత సొరుగులో వెదికి ఒక ఫారం తీసినాడు. ట్రైనర్ మార్పు. పాత ట్రైనర్ ఒప్పుకున్నట్టు సంతకం పెట్టాల, సర్టిఫికెట్ నంబర్ వెయ్యాల.

"పాతది కాదు అన్నే, కొత్త నంబర్."

కొత్త నంబర్ శివరామ్‌కి ఇంకా నోటికి రాలా. ఫోను తీసి, మెయిలు తెరిచి, కండ్లద్దాలు నుదుటి మీద నుంచి దించుకోని, ఒక్కో అంకె చూసి రాసినాడు. ఆ నంబర్‌తో ఆయన చేసిన మొదటి పని అది.

కింద ఇంకో గీత ఉంది. కారణం.

"టైమింగ్ అని రాసేయండి," అన్నాడు అరుళ్. "అందరూ అదే రాస్తారు."

శివరామ్ పెన్ను పట్టుకోని కొంచెంసేపు నిలబడినాడు. తరవాత ఇంగ్లీషులో, పెద్దక్షరాలతో, విడివిడిగా రాసినాడు, ట్రైనర్ తప్పు లెక్క పెట్టినాడు అని. ఆ పరీక్షలు రాసినప్పుడు గూడా ఆయన చెయ్యి అంత నిదానంగా నడవలా.

అరుళ్ తలకిందులుగా చదివి, చెయ్యి అడ్డం పెట్టినాడు. "అన్నే, ఏమిది? ఇది ఫైల్లో నిలిచిపోతుంది. రేపు ఓనర్ చూస్తే? నిన్న గదా మీకు రెన్యువల్ అయింది!"

"ఉండనీ అరుళ్."

కాగితాన్ని మాస్టారి వైపు జరిపినాడు. మాస్టారు జేబులో నుంచి తన పెన్ను తీసినాడు. ఆ గీత మీదికి వచ్చి చదివినాడు. ఒకసారి చదివి, మళ్ళా మొదట్నుంచి చదివినాడు. పెన్ను ములుకు ఆ మాటల మీదనే నిలిచింది. కొట్టేస్తాడు, కొట్టేసి టైమింగ్ అని రాస్తాడు అనుకున్నాడు శివరామ్. ఆరేండ్ల మనిషి గదా, ఆ మాత్రం చేస్తాడు అనుకున్నాడు. అనుకున్నది తప్పని తెలిసేదానికి ఎక్కువసేపు పట్టలా.

మాస్టారు కొట్టేయలా. ఒక్క అక్షరం కూడా ముట్టుకోలా. పెన్ను కిందికి దించి, మెంబర్ అని ఉన్న చోట సంతకం పెట్టి, పక్కన తేదీ వేసినాడు.